ఒకే రైడర్, రెండు రూట్ మ్యాప్‌లు, రెండు ఓటములు

ఇవాళ ఒక్క మనిషి కథతో మూడు పెద్ద సైకిల్ రేసులు చూద్దాం.

1989 జూలై 23. టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు. మూడు వారాలు, 3 వేల కిలోమీటర్లకు పైగా తొక్కిన ఫ్రెంచ్ రైడర్ లోరాన్ ఫిన్యాన్ 50 సెకన్ల ముందున్నాడు. సాయంత్రానికి 8 సెకన్ల తేడాతో ఓడిపోయాడు! అమెరికన్ గ్రెగ్ లెమాండ్ అద్భుతంగా తొక్కాడు, హ్యాండిల్‌కి కొత్త రకం బార్లు బిగించుకున్నాడు, అదంతా నిజమే. కానీ ఆ రోజు పెట్టింది టైమ్ ట్రయల్. అంటే గుంపు ఉండదు, ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడాలి. అందరూ గుంపుగా పారిస్‌లోకి వచ్చే మామూలు రూట్ అయితే, ఆ 50 సెకన్లు చాలావరకు అలాగే మిగిలేవి.

అసలు ఈ రూట్లు గీసేదెవరు? మొదట్లో న్యూస్‌పేపర్ల వాళ్లు! టూర్‌ని 1903లో ‘లోటో’, ఇటలీ రేసు జిరోని 1909లో ‘గజెట్టా’, స్పెయిన్ రేసు వుయెల్టాని 1935లో ‘ఇన్‌ఫర్మాసియోనెస్’ మొదలుపెట్టాయి. రైడర్ ఎంత కష్టపడితే పేపర్‌కి అంత కథ. అందుకే 1910లో టూర్‌ని పిరనీస్ కొండల మీదికి ఎక్కించారు. ఆ రోజు ఆక్టేవ్ లపీజ్ నిర్వాహకులను చూసి ‘హంతకులు’ అని అరిచాడని చెప్తారు. ఆ ఏడాది టూర్ గెలిచింది కూడా అతనే!

ఇప్పుడు మళ్లీ మన ఫిన్యాన్ దగ్గరికి వద్దాం. 1984 జిరో. కొండల్లో ఇతను మొనగాడు. ప్రత్యర్థి ఫ్రాన్సెస్కో మోజర్ లోకల్ హీరో, టైమ్ ట్రయల్‌లో దిట్ట, కొండలంటే ఇబ్బంది. స్టెల్వియో అనే 2,758 మీటర్ల కనుమ ఎక్కాల్సిన రోజు, మంచు ఉందని దాన్ని రూట్‌లోంచి తీసేశారు. రోడ్డు బాగానే ఉందని ఫ్రెంచ్ వాళ్లు గొడవ చేశారు. చివరి రోజు వెరోనాలో టైమ్ ట్రయల్. 81 సెకన్ల ఆధిక్యం పోయి, ఫిన్యాన్ 63 సెకన్లతో ఓడిపోయాడు. క్రికెట్‌లో సొంత జట్టుకి పిచ్ తయారు చేసుకున్నట్టే అనిపిస్తుంది నాకైతే. ఆల్ప్స్‌లో మంచు ఉండడం మామూలే, అదీ ఒప్పుకోవాలి.

వుయెల్టా సంగతి వేరు. ఆ రెండిటి పక్కన తమ్ముడిలా ఉండేది. 1995లో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్‌కి మారింది. జిరోకి మోర్టిరోలో ఉంది, మాకూ అలాంటి కొండ కావాలని 1999లో ఆంగ్లిరూని పట్టుకొచ్చారు. ఒకచోట వాలు 23 శాతం పైనే! అంటే వంద మీటర్లు ముందుకెళ్తే 23 మీటర్లు పైకి. 2002లో వానలో అక్కడ టీమ్ కార్లే ఆగిపోయాయి. డేవిడ్ మిల్లర్ ఫినిష్ లైన్ ముందు సైకిల్ దిగి, నిరసనగా రేసు వదిలేశాడు.

మరి టూర్? 1989 తర్వాత చివరి రోజు టైమ్ ట్రయల్ మళ్లీ పెట్టింది 2024లోనే. ఒలింపిక్స్ వల్ల పారిస్ కుదరక, మొనాకో నుంచి నీస్‌కి వేశారు. అప్పటికే పొగాచార్ 5 నిమిషాలకు పైగా ముందున్నాడు, టెన్షనే లేదు. అది చూడ్డానికి ఫిన్యాన్ లేడు. 2010లోనే చనిపోయాడు.