పెరిగే పిల్లల వెంట

పిల్లలు ఎలా ఎదుగుతారో శాస్త్రజ్ఞులు ఎలా తెలుసుకుంటారు? మొదట్లో సొంత ఇంట్లోనే చూశారు. 1839లో పుట్టిన పెద్దకొడుకును గమనించి రాసుకున్న సంగతులను చార్లెస్ డార్విన్ 1877లో వ్యాసంగా ప్రకటించాడు. చూపు సూక్ష్మమే గాని, చూసినది ఒక్క బిడ్డను. అదీ కలిగినవారి బిడ్డను.

రెండేళ్ళవాణ్ణీ, పదేళ్ళవాణ్ణీ ఒకే రోజున కొలిచి పోల్చడం ఇంకో పద్ధతి. పని త్వరగా తెములుతుంది. కానీ కరువు ఏట పుట్టినవాడూ, పంటలు పండిన ఏట పుట్టినవాడూ ఒకటి కాదు గదా!

అందుకని అదే పిల్లల వెంట ఏళ్ళ తరబడి తిరగాలి. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం చేసింది ఇదే. ఇక్కడ ఏడాది ప్రాయం పిల్లలు సుమారు 2,000 మంది, ఎనిమిదేళ్ళవారు సుమారు 1,000 మంది. మన అనంతపురం, కడప జిల్లాల పిల్లలూ ఉన్నారు. 2006, 2009, 2013, 2016లలో మళ్ళీ వెళ్ళి ఎత్తు, బరువు, చదువు, ఇంటి పరిస్థితి రాసుకున్నారు. 2020లో కోవిడ్ వల్ల ఫోనులోనే అడిగారు.

ఇందులో పెద్ద చిక్కు వలస. వానలు లేక ఒక కుటుంబం తట్టాబుట్టా సర్దుకొని బెంగుళూరు చేరి, ఒకప్పటి పల్లె, ఇప్పుడు మేడల పేట అయిన కుందలహళ్ళిలో కట్టడం పనికి కుదిరిందనుకోండి. ఊళ్ళో ఇంటికి తాళం. ‘లేరు’ అని రాసుకొని తిరిగొచ్చేస్తే, లెక్కలో మిగిలేది నిలకడగా ఉన్న ఇళ్ళ పిల్లలే. అప్పుడు ఎవరూ పెరగకుండానే సగటు ఎత్తు పెరుగుతుంది! అందుకే ఊరు మారిన పిల్లల జాడ కూడా తీశారు. ఇన్నేళ్ళలో జారిపోయినవారు తక్కువే. తమ కథలు చెప్పిన పిల్లల అసలు పేర్లు మాత్రం పుస్తకాల్లో దొరకవు, మార్చి రాశారు.