పురానాపూల్: నగరం కంటే ముందు కట్టిన వంతెన

మూసీ నది మీద హైదరాబాద్ పాతనగరం పడమటి అంచున నిలిచి ఉన్న పురానాపూల్, అంటే పాత వంతెన, గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1578లో పూర్తయింది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఈ సుల్తాను, అద్దంకి గంగాధరకవి నుంచి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ అంకితం పుచ్చుకున్న సాహిత్య పోషకుడు. నగరానికి నాంది అయిన చార్మినార్ కట్టడం 1591 నాటిది కనుక, వంతెన కంటే నగరమే 13 ఏళ్లు చిన్నదవుతుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకు చదివేవారు ఈ రెండు సంవత్సరాలనూ విడివిడిగా బట్టీ పడతారు గాని, హైదరాబాద్ ఎందుకు అక్కడే పుట్టిందన్న ప్రశ్నకు సమాధానం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే దొరుకుతుంది.

ఇబ్రహీం కొడుకు, యువరాజు మహమ్మద్ కులీ, అవతలి ఒడ్డున చిచలం గ్రామంలో ఉన్న ప్రియురాలు భాగమతిని చూడటానికి వరదలో గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణానికి భయపడిన తండ్రి వంతెన కట్టించాడని జనంలో ప్రచారంలో ఉన్న కథ చెబుతుంది. ఎంత అందమైన కథ అయినా వయసుల లెక్క దానికి అడ్డు వస్తుంది. 1560ల నడుమ పుట్టిన ఆ యువరాజుకు వంతెన పూర్తయ్యేనాటికి 13 ఏళ్లకు మించి ఉండవు. అంతకంటే నమ్మదగిన కారణం వ్యాపారం. గోల్కొండ కోట లోపల జనం కిక్కిరిసిపోగా, వజ్రాలూ బట్టలూ బేరమయ్యే కార్వాన్ బస్తీ నది ఉత్తరపు ఒడ్డున ఉండగా, సరుకు చేరవలసిన మచిలీపట్నం రేవుకు దారి నదిని దాటి తూర్పుగా సాగేది. వానాకాలంలో ఆ బండ్ల బాటకు ఆటంకం లేకుండా చేసిన వంతెనే తరువాత దక్షిణపు ఒడ్డున కొత్త రాజధానికి చోటు చూపింది.

సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు గల ఈ కట్టడాన్ని నల్లరాతి దిమ్మెల మీద ఇరవైకి పైగా కమానులు మోస్తున్నాయి. కమాను అంటే రాళ్లను విల్లు వంపులో పేర్చిన ద్వారం. పైనుంచి పడే బరువు రాయిని కిందికి విరవకుండా పక్క రాళ్ల మీదికి, అక్కడి నుంచి దిమ్మెలోకి దిగిపోతుంది కాబట్టి, బరువు పెరిగేకొద్దీ రాళ్లు మరింత బిగుసుకుంటాయి. రాళ్ల సందులను కలిపేది డంగు సున్నం, అనగా గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం.

పదిహేడో శతాబ్దం నడుమ వజ్రాల కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెన అందంలో పారిస్ లోని పాంట్ నఫ్‌కు పెద్దగా తీసిపోదని 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఆ పారిస్ వంతెనకు మూడో హెన్రీ రాజు తొలి రాయి వేసింది కూడా 1578లోనే. అంతర్యుద్ధాల వల్ల పని మధ్యలో ఆగి అది 1607 దాకా సాగింది. వర్తకుడి పోలికలో కొంత మర్యాద ఉండవచ్చు గాని, రెండు వంతెనలనూ దాటి చూసిన మనిషి మాటగా దానికి విలువ ఉంది.

అయితే నదికి ఉత్తరాన నారాయణగూడ, చిక్కడపల్లి వైపు నగరం పెరగడంలో పురానాపూల్ పాత్ర దాదాపు లేదు. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ దగ్గర 1831లో కర్నల్ ఒలిఫెంట్ పేరుతో వచ్చిన చాదర్‌ఘాట్ వంతెన, ఆ తరువాత వచ్చిన అఫ్జల్, ముసల్లం జంగ్ వంతెనలు దక్షిణపు ఒడ్డు జనాన్ని ఉత్తరానికి లాగాయి. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద ఈ మూడు కొత్త వంతెనలనూ తెంచేయగా, వేల మంది మరణించిన ఆ రోజున రెండు ఒడ్ల మధ్య మిగిలిన దారి పురానాపూల్ ఒక్కటే. ప్రాగ్‌లోని చార్లెస్ వంతెన సైతం 1890 వరదలో మూడు కమానులు పోగొట్టుకుంది కనుక, మూసీ మీది ఈ నిలకడ చిన్న విషయం కాదు. వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఏర్పడ్డాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ కూడా ఏర్పడి ఇరుకు బస్తీలను విప్పే పని చేపట్టింది.

అయినా నారాయణగూడ, చిక్కడపల్లి వైపు పేటలకు వంతెన కట్టించిన సుల్తాను కాలంతోనే నీటి బంధుత్వం ఒకటి ఉంది. అశోక్‌నగర్ వంతెన కింద పారే నాలా హుస్సేన్‌సాగర్ మిగులు నీటి కాలువ. ఆ చెరువును 1560ల తొలినాళ్లలో ఇబ్రహీం కులీ హయాంలో హుస్సేన్ షా వలీ కట్టించగా, దానికి నీరు మూసీ నుంచి తవ్విన కాలువలో వచ్చేది. అలా నది నుంచి చెరువుకు చేరిన నీరు దోమలగూడ, అశోక్‌నగర్, నారాయణగూడల పక్కగా దిగి, గోల్నాక దాటాక తిరిగి మూసీలోనే కలిసేది. 2000 ఆగస్టులో ఈ నాలా పొంగి ఇళ్లలోకి రావడం ఇక్కడి పెద్దలకు గుర్తే. 

ఇప్పుడు పురానాపూల్ మీద కూరగాయల అంగడి సాగుతున్నది. బరువైన వాహనాలు పక్కనే కట్టిన కొత్త వంతెన మీదుగా పోతున్నాయి. అంగడిని ఖాళీ చేయిస్తే తప్ప కట్టడానికి గౌరవం దక్కదనే వాదన తరచు వినిపిస్తుంది గాని, సరుకు నడవడానికే పుట్టిన వంతెన మీద వంకాయలు అమ్మడం దాని చరిత్రకు పరాయిది కాదు. దిమ్మెల పాదాల దగ్గర పేరుకునే చెత్త, రాళ్ల సందుల్లో వేళ్లూనే రావి మొక్కలు అంతకంటే పెద్ద ముప్పు. నారాయణగూడ నుంచి కోఠీ, అఫ్జల్‌గంజ్, బేగంబజార్ మీదుగా వచ్చేవారు ముందుగా కొత్త వంతెన ఎక్కితే కమానుల వరుస కనిపిస్తుంది. ఆ తరువాత అసఫ్‌జాహీ నిజాముల కాలపు నగర ప్రాకారంలో మిగిలిన రెండు ద్వారాలలో ఒకటైన పురానాపూల్ దర్వాజాను కూడా చూసి వెళ్లవచ్చు. రెండోది దబీర్‌పురాలో ఉంది.