గట్టిపడిన కాలేయంలో రగిలే నిప్పు

పల్నాటి పల్లెలకు జలోదరం కొత్త జబ్బు కాదు. నేను ప్రభుత్వోద్యోగంలో ఉన్న రోజుల్లో మాచర్ల, గురజాల వైపుల నుండి కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బిన రోగులు వచ్చేవారు. చాలామంది అప్పటికే పసరు మందులు వాడి వచ్చినవారే. పొట్టలోని నీరు తీసి, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలిచ్చి పంపేవాళ్లం. నెలల తరబడి నిలకడగా ఉన్న మనిషి రెండు రోజుల జ్వరానికే ఎందుకు కుప్పకూలేవాడో అప్పట్లో మాకు అంతుబట్టేది కాదు.

1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్, గట్టిపడిన కాలేయపు పసుపుపచ్చ ఛాయను బట్టి ఈ వ్యాధికి ‘సిరోసిస్’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం వైద్యుల దృష్టి కాలేయంలోని మచ్చల మీద, అక్కడ రక్తప్రవాహానికి కలిగే ఆటంకం మీదనే నిలిచింది. 1964లో అమెరికా వైద్యుడు హెరాల్డ్ కాన్, పేగుకు రంధ్రం పడకపోయినా పేగుల్లోని క్రిములు జలోదరపు నీటిలో చేరి ప్రాణం మీదికి తేగలవని వివరించాడు.

1999లో స్పెయిన్ వైద్యులు ఇటువంటి రోగులు 126 మందిపై పరిశోధన ప్రకటించారు. యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవారిలో నూటికి 33 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. దానితోపాటు అల్బుమిన్ ఎక్కించినవారిలో అది నూటికి 10 మందికే పరిమితమైంది. క్రిములను చంపినంత మాత్రాన చాలదని దీనివల్ల తేలింది.

2013లో ఎనిమిది ఐరోపా దేశాల పరిశోధన మరో ముడి విప్పింది. సిరోసిస్ ఉండి హఠాత్తుగా అవయవాలు విఫలమైనవారిలో తెల్లరక్తకణాలు బాగా పెరిగి ఉన్నాయి. వారిలో సుమారు మూడోవంతు మంది 28 రోజుల్లోపే మరణించారు.

జరిగేది ఇది. పేగుగోడ బలహీనపడి క్రిముల శకలాలు రక్తంలోకి జారతాయి. రోగనిరోధక కణాలు వాటిపై విరుచుకుపడి రసాయనాలను విడుదల చేస్తాయి. దీనినే శోథ, ఇన్‌ఫ్లమేషన్ అంటాము. రక్తనాళాలు సడలి మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది, మెదడు మందగిస్తుంది, మిగిలిన కాలేయ కణాలు కూడా చతికిలబడతాయి.

కనుక సిరోసిస్ ఉన్నవారి ఇంట్లో జ్వరం, కడుపునొప్పి, మూత్రం తగ్గడం, నల్లని విరేచనం, మాట తడబడటం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. నొప్పి మాత్రలు సొంతంగా వేయవద్దు. మద్యం పూర్తిగా మానాలి. హెపటైటిస్ బి టీకా 1997లోనే హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుండి తక్కువ ధరకు అందుబాటులోకి వచ్చింది. మీ పిల్లలకు వేయించారా లేదా చూసుకోండి.