కట్టించినవారు, కట్టినవారు

"ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినది ఎవరు?"

మన బడిలో చదువుకున్న వాళ్ళందరం ఏదో ఒక పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు రాసే ఉంటాం. సర్ ఆర్థర్ కాటన్. 1847లో మొదలు, 1852లో పూర్తి. సోషల్‌లో నాకెప్పుడూ మంచి మార్కులే వచ్చేవి. తర్వాత సివిల్ ఇంజనీరునై ముప్పయ్యేళ్ళుగా ఇటుకలతో, సిమెంటుతో బతుకుతున్నాను. కానీ ఆ ఒక్క మార్కు ప్రశ్నలో ఇంకో ప్రశ్న దాగి ఉందని ఎప్పుడూ తోచలేదు. అది తెలిసింది మన ఊళ్ళో కాదు, అమెరికాలో ఒక ఇటుకల బట్టీ దగ్గర.

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, తను నన్ను వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ అనే ఊరికి తీసుకెళ్ళింది. అమెరికా బ్రిటిష్‌వారి చేతిలో ఉన్న రోజుల్లో, 1699 నుంచి 1780 దాకా, వర్జీనియాకు రాజధాని అది. రాజధాని రిచ్‌మండ్‌కు తరలిపోయాక ఊరు వెనకబడిపోయింది. 1926లో గుడ్విన్ అనే చర్చి ఫాదరు ప్రోద్బలంతో, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చిన డబ్బుతో పాత ఊరిని తిరిగి నిలబెట్టడం మొదలుపెట్టారు. సుమారు మూడు వందల ఎకరాలు. ఆ కాలం నాటి ఇళ్ళు ఎనభైకి పైగా ఇంకా నిలిచి ఉన్నాయి. గవర్నరు భవనం మాత్రం 1781లోనే కాలిపోతే, పాత పునాదుల మీదే 1930లలో మళ్ళీ కట్టారు.

అక్కడ కమ్మరి కొలిమి నిజంగా రాజుకుంటుంది. పీపాలు చేసేవారు, నేతవారు, అచ్చుపనివారు ఆనాటి బట్టలు కట్టుకుని, ఆనాటి పనిముట్లతోనే పని చేస్తుంటారు. దీన్ని వాళ్ళు 'లివింగ్ హిస్టరీ' అంటారు. 1990 నుంచి అక్కడ బడిపంతుళ్ళ కోసం ఒక కార్యక్రమం నడుస్తోంది. దేశం నలుమూలల నుంచి టీచర్లు వేసవి సెలవుల్లో వచ్చి, వారం రోజులు ఉండి, వలస పాలన నాటి చరిత్రను చేతులతో చేస్తూ నేర్చుకుంటారు. దగ్గర్లోనే ఉన్న జేమ్స్‌టౌన్, యార్క్‌టౌన్ కూడా చూస్తారు. 1781లో ఆ యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన కారన్‌వాలిసే అయిదేళ్ళ తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. మనం వేరే పాఠంలో చదివిన మనిషి!

ఇటుకల చోటికి మేం వెళ్ళేసరికి, మెడలో బ్యాడ్జీలు వేసుకున్న కొందరు టీచర్లు ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి గుంటలో మట్టి తొక్కుతున్నారు. నేనూ చెప్పులు విడిచి దిగాను. పది నిమిషాల్లో పిక్కలు పట్టేశాయి. తర్వాత ముద్ద తీసి, ఇసుక చల్లిన చెక్క అచ్చులో కొట్టి, పైన చదును చేసి, పచ్చి ఇటుకను ఎండలో పెట్టాలి. ఎండి, కాలాక ఇటుక చిన్నదవుతుంది కాబట్టి అచ్చు ఆ మేరకు పెద్దదిగా ఉంటుంది. ఈ సంగతి నేను కాలేజీలో చదువుకున్నదే. కానీ నేను కొట్టిన మొదటి ఇటుక మూల విరిగింది, రెండోది అచ్చు వదలలేదు.

నా పక్కనున్న ఒక టీచరమ్మగారు అక్కడి పనివాణ్ణి అడిగారు, ఆ రోజుల్లో రోజుకు ఎన్ని కొట్టేవారని.

"చెయ్యి తిరిగిన మనిషి, వెనక మనుషులుంటే, రెండు వేల దాకా" అన్నాడతను.

"వెనక మనుషులంటే?"

"మట్టి తొక్కేవాళ్ళు, అందించేవాళ్ళు. కొట్టిన ఇటుకలు మోసుకెళ్ళి ఆరబెట్టేది చాలాసార్లు పిల్లలే. వర్జీనియాలో ఆ పని చేసినవాళ్ళలో చాలామంది బానిసలు."

ఆవిడ ఐదో తరగతికి చెబుతారట. చేతుల మట్టి చూసుకుంటూ, "ఇన్నేళ్ళూ గవర్నరు ఈ భవనం కట్టాడని చెప్పుకొచ్చాను. ఇక అలా చెప్పలేను" అన్నారు.

నాకు మన భాష గుర్తొచ్చింది. మనం 'కట్టాడు' అనం, 'కట్టించాడు' అంటాం. ఆ 'ఇంచు'లోనే కట్టినవాళ్ళున్నారు. వాళ్ళెవరని పరీక్షలో ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ఊరి జనంలో సగానికి పైగా ఆఫ్రికన్ సంతతివారే. వారిలో అత్యధికులు బానిసలు. అయినా వారి కథ చెప్పే కార్యక్రమాలు అక్కడ 1979 దాకా మొదలు కాలేదు. 1994 అక్టోబరులో బానిసల వేలాన్ని వీధిలో నటించి చూపించారు. అంతటి బాధను వేడుకలా చూపిస్తారా అని నల్లజాతి సంఘాలు నిరసన తెలిపాయి. ఆ ప్రదర్శనను నడిపించింది కూడా నల్లజాతి కళాకారులే. చూశాక మనసు మార్చుకున్నవారూ ఉన్నారు. ఆ వాదన ఈనాటికీ తేలలేదు. నాకు అర్థమైనంతలో, పనిని చేసి చూడవచ్చు కానీ బానిసత్వాన్ని చేసి చూడలేం. నేను పిక్కలు పట్టగానే గుంటలోంచి బయటికి వచ్చేశాను. ఆనాటి పిల్లవాడికి ఆ వీలు లేదు. చేతులు నేర్పే పాఠం ఆ తేడా దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కాగితాలు చెప్పాలి.

అలాంటి కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. 1760 నుంచి 1774 దాకా ఆ ఊళ్ళో నల్లజాతి పిల్లలకు ఒక బడి నడిచింది. దాని పేరు బ్రే స్కూలు, టీచరు ఆన్ వేజర్. చదవడం, మత పాఠాలు, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేవారు. పిల్లలు తమ స్థితికి తలవంచి ఉండాలన్నదే ఆ బడి పెట్టినవారి ఉద్దేశం. ఆ భవనం ఏదో చాలాకాలం రుజువు కాలేదు. కలప వలయాలు పరీక్షించి, ఆ చెట్లు కొట్టిన ఏడాది తేల్చి మరీ నిర్ధారించారు. నేను వెళ్ళిన ఏడాది ఫిబ్రవరిలోనే దాన్ని అలాగే ఎత్తి వాహనం మీద పాత ఊరిలోకి తెచ్చారు. ఆ పిల్లల పేర్ల పట్టీలు మూడు మిగిలాయి. వారిలో ఐజాక్ బీ అనే కుర్రవాడు పెద్దయ్యాక యజమాని దగ్గర నుంచి పారిపోయాడు. పట్టిమ్మని 1774లో యజమాని పత్రికలో ప్రకటన వేయించాడు. అతనికి చదవడం వచ్చని అందులో హెచ్చరించాడు. అణకువ కోసం నేర్పిన అక్షరం అతనికి ఎలా ఉపయోగపడిందో చూడండి. మనందరం ఒక బడి పేరున కలుసుకుంటున్న ఈ వేళ ఆ కుర్రవాడు నాకు పదే పదే గుర్తొస్తున్నాడు.

స్వర్ణోత్సవ సందర్భంగా బడికి ఏం చేద్దామని సంఘం వారు అడిగారు. డిజిటల్ బోర్డులు, నీళ్ళ ట్యాంకు ఉండాల్సిందే. వాటితోపాటు నాదొక మనవి. వచ్చే వేసవిలో మన టీచర్లకు మూడు రోజులు ఇద్దాం. మొదటి రోజు ఇటుకల బట్టీ దగ్గర పచ్చి ఇటుకలు కొట్టి, అక్కడి పనివారితో కూర్చుని మాట్లాడాలి. రెండో రోజు సర్వే గొలుసుతో మన ఆటస్థలం కొలవాలి. ఆ గొలుసు పొడవు 66 అడుగులు, లింకులు 100. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మనం రోజూ అనే 'సెంటు' అందులో నూరో వంతు, అంటే వెయ్యి చదరపు లింకులు. ఇంగ్లీషువారి గొలుసు ఇంకా మన నోట్లోనే ఉందన్న మాట. మూడో రోజు ధవళేశ్వరం వెళ్ళి కాటన్ మ్యూజియం చూసి, ఆనకట్ట ఒడ్డున నిలబడి పాత ప్రశ్నే వేసుకోవాలి. కట్టించినది కాటన్, సరే. కట్టినది ఎవరు?

పిల్లలచేత కూలీల వేషాలు వేయించవద్దు. ముందు మనం చేసి చూద్దాం. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో మన గురువులకు తెలుసు. గొలుసు నేను తెస్తాను. మట్టి తొక్కడానికి కూడా వస్తాను. ఈసారి పది నిమిషాలకే బయటికి రానని మాట ఇస్తున్నాను.