ఫోటో వెనక రాత: అట్ట నుంచి ఫైలు దాకా

మన ఇండ్లలో పాత ఫోటో చేతికొస్తే ఎవరైనా మొదట చేసే పని దాన్ని తిప్పి చూడటం. ముందరవైపు మొహాలుంటాయి, పేర్లు వెనకవైపు ఉంటాయి. కోలారు పక్కనున్న మన కుటుంబాల్లో ఆ రాతకి ఇంకో విశేషం ఉంది. తాతల కాలంవాళ్లు తెలుగు లిపిలో రాశారు. ఆ తర్వాత కన్నడ బడికి పోయిన తరం అవే తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాసింది. “పెద్దత్త పెండ్లి, చింతామణి” అని కన్నడ లిపిలో ఉన్న అట్టని పక్కింటి కన్నడిగులు చదవగలరు గానీ సగమే అర్థమవుతుంది. కడప చుట్టాలకి చదివి వినిపిస్తే అర్థమవుతుంది గానీ వాళ్లంతట వాళ్లు చదవలేరు. మనం ఎవరిమో ఆ ఒక్క వరసే చెప్తుంది.

ఇప్పుడు ఆ ఫోటోలన్నీ స్కాన్ అయ్యి ఫోన్లలో తిరుగుతున్నాయి. ముందరవైపు మాత్రమే తిరుగుతోంది. వెనక రాతని ఫోటోతోబాటే ఎట్లా పంపాలన్న ప్రశ్న మనకి కొత్త గానీ ఫోటోగ్రఫీకి కొత్త కాదు.

19వ శతాబ్దంలో స్టూడియోవాళ్లు ప్రింటుని గట్టి అట్టకి అంటించి, ఆ అట్టమీద స్టూడియో పేరూ ఊరూ అచ్చేసేవాళ్లు. గాజు నెగటివ్‌లకి నంబర్లు వేసి పద్దు పెట్టుకునేవాళ్లూ ఉండేవారు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆయన ప్రింట్లు చాలావాటి అడుగున పేరూ, నంబరూ, ఆ చోటు ఏదో తెలిపే మాటలూ కనిపిస్తాయి. ఆ రాత నెగటివ్‌లోనే ఉంది గనక ఎన్ని ప్రింట్లు తీసినా ప్రతిదాంట్లోనూ వస్తుంది. వివరం బొమ్మతోనే పోవాలి అనే ఆలోచన అప్పటికే ఉందన్నమాట.

మామూలు జనానికి అదే వసతి 1914లో వచ్చింది. కోడాక్ కంపెనీ ‘ఆటోగ్రాఫిక్’ కెమెరా అమ్మడం మొదలుపెట్టింది. కెమెరా వెనక చిన్న తలుపుండేది. ఫోటో తీశాక ఆ తలుపు తెరిచి, లోహపు పుల్లతో తేదీ, పేరు రాస్తే, ఆ రాత ఫిల్ము అంచున వెలుగు పడి ముద్రపడేది. ఈ పద్ధతి కనిపెట్టిన హెన్రీ గైస్మన్‌కి జార్జ్ ఈస్ట్‌మన్ 3 లక్షల డాలర్లిచ్చి హక్కులు కొన్నాడు. అంత డబ్బు పెట్టినా జనం రాయలేదు. ఫోటో తీయడంలో ఉన్న ఉత్సాహం, తీశాక రాయడంలో ఉండదు కదా. 1932కల్లా ఆ కెమెరాలు ఆగిపోయాయి.

పత్రికలవాళ్లకి మాత్రం రాయకుంటే పని జరగదు. వాళ్లు ఫోటో వెనక కాగితం చీటీ అంటించేవాళ్లు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసిందెవరు. ఫోటోలు కంప్యూటర్ల మీద ప్రయాణం చేయడం మొదలయ్యాక చీటీ అంటించడానికి చోటు లేకపోయింది. 1965లో లండన్‌లో ఏర్పడిన ఐపీటీసీ అనే వార్తాసంస్థల మండలి 1991లో ఒక పద్ధతి తెచ్చింది. ఫైలు లోపలే శీర్షిక, వివరం, ఊరు, తేదీ, ఫోటో తీసినవారు, వివరం రాసినవారు అని విడివిడి గళ్లు. 1990ల మధ్యలో ఫోటోషాప్ ఆ గళ్లని జేపెగ్ ఫైళ్లలో రాయడం మొదలుపెట్టాక అది అందరికీ అందింది.

అదే సమయంలో జపాన్ కెమెరా కంపెనీలు ఇంకోవైపు నుంచి వచ్చాయి. 1995లో ఎక్సిఫ్ అనే ప్రమాణం తయారైంది. ఇందులో మనిషి రాయక్కర్లేదు, కెమెరానే తేదీ, టైము, లెన్సు వివరాలు రాసుకుంటుంది. మూడోది ఎక్స్ఎంపీ. దాన్ని అడోబీ 2001లో తెచ్చింది, 2012లో ఐఎస్ఓ ప్రమాణమైంది. ఇలా ఒక్క ఫోటోకి వెనక మూడు చీటీలు తయారయ్యాయి.

మనకి ఈ మూడింటి తేడా ఎందుకంటే, తెలుగు కోసం. ఎక్సిఫ్‌లో వివరం రాసే గడి ఇంగ్లీషు అక్షరాల లెక్కన పుట్టింది. పాత ఐపీటీసీ గడిలో 2000 బైట్లే పడతాయి. యూనికోడ్‌లో ఒక తెలుగు గుర్తుకి 3 బైట్లు పోతాయి, గుణింతమూ వత్తూ విడిగా లెక్క. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ గడి తెలుగుని ప్రశ్నార్థకాలుగా మార్చేస్తుంది. ఎక్స్ఎంపీ పుట్టుకతోనే యూనికోడ్. తెలుగూ కన్నడా పక్కపక్కనే రాసుకోవచ్చు.

ఇక చీటీ ఎక్కడ ఊడిపోతుందో చూద్దాం. 1999లో ఫోటోషాప్‌లోకి ‘సేవ్ ఫర్ వెబ్’ వచ్చింది. టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ నడిచే రోజులవి. ఫైలు ఎంత చిన్నదైతే అంత మేలు గనక, బొమ్మకి అవసరం లేనిదంతా తీసేయడం అలవాటైంది. తర్వాత ఫోన్లు ఫోటోలో లొకేషన్ కూడా రాయడం మొదలుపెట్టాయి. అప్పుడు ఆ వివరాలు తీసేయడం భద్రత కూడా అయ్యింది. రెండు కారణాలూ న్యాయమైనవే. కానీ మన పెద్దత్త పెండ్లి ఫోటోకి రెండూ వర్తించవు.

ఆ అలవాటు ఈనాటికీ ఎక్స్‌పోర్ట్ కిటికీల్లో ఉంది. ఫోటోషాప్ ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’లో ఉండేవి రెండే దారులు: ఏదీ ఉంచకపోవడం, లేదా కాపీరైటూ చిరునామా మాత్రం ఉంచడం. వివరం అంతా కావాలంటే ‘సేవ్ ఎ కాపీ’ దారిన పోవాలి. లైట్‌రూమ్‌లో మెటాడేటా దగ్గర ‘ఆల్ మెటాడేటా’ ఎంచుకుని, మనుషుల పేర్లు తీసేసే టిక్కు లేకుండా చూసుకోవాలి. గింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎక్సిఫ్, ఐపీటీసీ, ఎక్స్ఎంపీ టిక్కులు మూడూ ఉండాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఇంకో రెండు సంగతులు. స్కానర్ తాను స్కాన్ చేసిన రోజునే తేదీగా రాస్తుంది. దాన్ని అట్లాగే వదిలేస్తే, మన మనవళ్లకి అవ్వ పెండ్లి 2024లో జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ‘ఫోటో తీసిన తేదీ’ గడి మనమే దిద్దాలి. తేదీ కచ్చితంగా తెలీకపోతే అంచనా సంవత్సరం అని వివరంలో రాయాలి. రెండోది, ‘పెద్దత్త’ అంటే ఎవరికి పెద్దత్త? నాకు అత్తయినామె మా పిల్లలకి అవ్వ వరస. రాసిన మనిషి తెలీకుంటే వరసకి అర్థం లేదు. పత్రికలవాళ్లు పెట్టిన ‘వివరం రాసినవారు’ గడి సరిగ్గా మన చుట్టరికాల కోసమే పెట్టినట్టుంది. అది ఖాళీగా వదలొద్దు.

సాఫ్ట్‌వేర్ పరీక్షించే వృత్తిలో ఒక మాటుంది: భద్రమైంది అని కిటికీ చెప్తే నమ్మకు, తెరిచి చూడు. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలుని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి తెలుగు అక్షరాలు బతికున్నాయా చూడండి. 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఎక్సిఫ్‌టూల్ దీనికి బాగా పనికొస్తుంది. తేడా వస్తే అసలు స్కాన్ మన దగ్గరే ఉంటుంది గనక మళ్లీ చేసుకోవచ్చు. ఆ అసలు స్కాన్‌ని మాత్రం ఎప్పుడూ దిద్దకండి. అట్ట వెనకవైపూ స్కాన్ చేసి, ముందరి ఫైలు పేరే పెట్టి చివర ‘వెనక’ అని చేర్చండి. ఎవరి చేతిరాతో కూడా ఒక ఆధారమే.

మన ఆల్బమ్‌లలో వెనక ఏమీ రాయని ఫోటోలు ఇంకా చాలా ఉన్నాయి. ఆ మొహాలకి పేర్లు చెప్పగలిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరో ఇద్దరో మిగిలారు. ఈ పండక్కి ఊరికి పోయినప్పుడు ఫోటోలు ఫోన్‌లో చూపించి, అవ్వ చెప్పింది చెప్పినట్టే రాసుకుని రండి. తెలుగులో రాసినా సరే, కన్నడ అక్షరాల్లో రాసినా సరే. గడిలోకి ఎక్కించే పని తర్వాతైనా చేసుకోవచ్చు.