దిగులు

మా పెద్దమ్మ ఊరు యాడికి. చెనిక్కాయ చేను నిలువునా ఎండిన ఏడు, ఆమెకు పొద్దస్తమానం ఒకటే మాట: “గుండెకాయ దిగులు దిగులంటాంది నాయనా.” ఆసుపత్రికి తీసుకుపోతే ఇసిజి తీసి బాగానే ఉందన్నారు. “కుంగుబాటు ఏమన్నా ఉందా?” అని అడిగారు. ఆమె లేదంది. గ్యాసు మాత్రలిచ్చి పంపారు.

కుంగుబాటు పత్రికల మాట. మనిషి కుంగిపోయాడంటాం గానీ, ఆ పేరుతో జబ్బుందని యాడికిలో ఎవరికి తెలుసు?

దిగులు పాత మాట. బళ్ళారి వైపు కన్నడంలో దిగిలు అంటే భయం, ఉలికిపాటు. తమిళంలో తిగిల్ ఇంకా గట్టి భయం. వాళ్ళు వెన్ను జలదరించే సినిమాలను ఆ మాటతోనే పిలుస్తారు. మన దగ్గర అది చిక్కబడి దుఃఖమైంది, భయమూ పూర్తిగా పోలేదు. బిడ్డ ఇంకా ఇల్లు చేరలేదన్నా దిగులే, బిడ్డ లేదన్నా దిగులే. వానకోసం చూసే ఊర్లో జూన్‌లో భయం, సెప్టెంబరుకు దుఃఖం. మాట మార్చే పని లేదు. ‘దిగు’ ధాతువుకు దీన్ని ముడిపెట్టాలని మనసు లాగుతుంది, బోర్లలో నీళ్ళు దిగిపోయే చోట మరీను. పక్క భాషల్లో అర్థం భయమే గనక నేను ఆ ముడి వేయను.

1990లో జపాన్ వైద్యులు ఒక గుండెజబ్బుకు తకొత్సుబో అని పేరుపెట్టారు. ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరది. హఠాత్తుగా దుఃఖమో భయమో తగిలినప్పుడు గుండె ఎడమ జఠరిక ఆ కుండలా ఉబ్బుతుంది. ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్ళలో. దిగులుకు ఇంతకన్నా మంచి టీకా నేను చదవలేదు (టీకా అంటే వ్యాఖ్య, సూది కాదు).

మెల్లగా తినేసే దిగులు ఇంకొకటి. గుండెపోటు తర్వాత 222 మందిని మాంట్రియల్‌లో ఆరునెలలు గమనించి, 1993లో లెక్క ప్రచురించారు: తీవ్రమైన దిగులున్నవాళ్ళలో చావులు నాలుగు రెట్లకు పైనే. నిద్ర పట్టదు, నడవబుద్ధి కాదు, మాత్ర మింగబుద్ధి కాదు. ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తగ్గవు.

అయితే ఈ మాటలో ముల్లూ ఉంది. రొమ్ము నిజంగా పట్టేసినా, “దిగులే లే, కాసేపు పడుకో” అనేస్తారు ఇంట్లో. అట్లా పోయిన గంటలు తిరిగి రావు.

పెద్దమ్మ మరోసారి ఆసుపత్రికి పోయినప్పుడు మా వైపు పిల్లే నర్సుగా ఉంది. “దిగులు ఎప్పట్నుంచవ్వా?” అనడిగింది.

“రెండో బోరు ఎండినప్పట్నుంచి,” అంది పెద్దమ్మ, ఆలోచించుకోకుండానే.