పాచికల లెక్కలో దక్కను ఖడ్గము

నారాయణఖేడు తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. పిదప మెదకు జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలసి వినబడు ఈ సీమలో ఖడ్గమునకు పేళ్లు పెక్కు. అవి పర్యాయపదములని నిఘంటువు చూచువారికి తోచవచ్చును గాని, ఆయుధమెఱిగినవారికి వేఱువేఱు వస్తువులు. ఖండా వెడల్పైన తిన్నని అలుగు గలది. తల్వారు వంపు గలది. ఫిరంగి యనునది ఐరోపానుండి వచ్చిన అలుగునకు, లేదా దానిని పోలిన అలుగునకు, ఇచ్చటి పిడి తొడిగినది. ఈ భేదములు నేడొక క్రొత్తచోట పరీక్షకు వచ్చినవి. బల్లచుట్టు గూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను వహించి, ఒక నిర్ణేత కథ నడుపగా, పాచికలు వేసి జయాపజయములు తేల్చుకొను ఆట యొకటి కలదు. అందు ప్రతి ఖడ్గమును అంకెగా మాఱవలసినదే.

ఈ జాతి ఆటలకు మూలమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో అమెరికాలో వెలువరించిరి. మొదటి నియమములలో బాకైనను, పెద్ద కత్తియైనను కలిగించు గాయము ఆఱుముఖముల పాచిక యొక్కటియే. మఱుసటి సంవత్సరపు అనుబంధములో ఆయుధమునకొక పాచిక యేర్పడినది. 1978 నాటి గ్రంథములో ఏ ఆయుధము ఏ కవచముపై ఎట్లు పనిచేయునో తెలుపు పెద్ద పట్టిక చేర్చిరి. నా యభిప్రాయములో చరిత్రకు మిక్కిలి దగ్గరగా వచ్చిన ప్రయత్నమదియే. కాని ఆటనడక మందగించునట్టి లెక్క యెంత నిజమైనను నిలువదు. 1989 నాటి కూర్పులో అది ఐచ్ఛికముగా, సంక్షిప్తముగా మిగిలి, 2000 నాటి కూర్పులో లోపించినది.

2014 నాటి కూర్పు చూడుడు. ‘లాంగ్‌స్వోర్డు’నకు ఒంటిచేత ఎనిమిది ముఖముల పాచిక, రెండుచేతుల పది ముఖములది. వంపుకత్తియగు ‘సిమిటరు’నకు ఆఱు ముఖములది. తూకము రెంటికిని మూడేసి పౌనులు. తల్వారునకు ప్రత్యేకమైన వరుస లేదు; సమీపమైనది సిమిటరే. కాబట్టి సమానమైన బరువుండియు తల్వారు పుట్టుకచేతనే తక్కువ గాయముచేయు ఆయుధమగుచున్నది. అంతేగాక సిమిటరు తేలికయని, లాఘవముతో వాడదగినదని, రెండవచేత మఱియొక కత్తి పట్టుటకు వీలైనదని నియమము. దక్కను యోధుడు రెండవచేత పట్టినది సాధారణముగా ఢాలు. తల్వారు పిడి పొట్టిది, చివర గుండ్రని బిళ్ల యుండును. ఆ బిళ్ల మణికట్టు విసరును అడ్డగించును. అందుచే దెబ్బ భుజమునుండి రావలెను, తగిలిన వెంటనే కత్తిని వెనుకకు లాగవలెను. గుఱ్ఱముమీది యోధునకు ఈ లాగుకోత ప్రాణము. పట్టికలో దీనికి చోటు లేదు.

ఖడ్గమును అంకెలలో నిలుపుట మనకు క్రొత్తది కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో ఖడ్గలక్షణాధ్యాయము కలదు. అందు ఉత్తమఖడ్గము ఏబది అంగుళములు, అధమము ఇరువదియైదు. అలుగుపై మచ్చ యే అంగుళమున నున్నదో లెక్కించి శుభాశుభములు చెప్పుదురు. ఆ లెక్కకు శత్రువు గాయముతో పనిలేదు. ఖడ్గము ధరించువాని భాగ్యమే దానికి విషయము. ఐనీ అక్బరీలోని ఆయుధశాల పట్టిక మఱొక తీరుది. అందు వంపుకత్తి వెల అరరూపాయి మొదలు పదునైదు మొహరీల వఱకు, తిన్నని ఖండా ఒక రూపాయి మొదలు పది రూపాయల వఱకు నున్నది. ఆటపట్టికలో సిమిటరు వెల ఇరువదియైదు బంగారునాణెములని స్థిరము. ఒకే పేరుగల రెండు కత్తుల నడుమ నంతటి అంతరమెట్లు వచ్చునో అబుల్ ఫజలు పట్టిక మనచే అడిగించును, ఆటపట్టిక అడుగనీయదు.

వెలలోని అంతరమునకు పనితనము, అలంకారములతోపాటు లోహమును కారణమే. నారాయణఖేడునకు ఉత్తరముగా నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామము మూసలలో ఉక్కు తీయుటకు పేరొందినది. 1824లో మరణించిన హెన్రీ వాయిసీ ఆ పనిని స్వయముగా చూచి వ్రాసిన వివరణ 1832లో ప్రకటితమైనది. ఉక్కు కొనుటకై పారసీకవర్తకుడు అంతదూరము వచ్చియుండుట అందు గలదు. ఐరోపావారు ‘వూట్జు’ అని పిలిచిన దానికి మూలము తెలుగు కన్నడములు రెంటికిని సొంతమైన ‘ఉక్కు’ అనియే పండితుల అభిప్రాయము. ఈ లోహమున కర్బనము మిక్కుటము. అందుచే పదును నిలుచును, కాని పెళుసుతనము పొంచియుండును.

ఈ గుణమును పెద్ద పాచికతో చూపినచో తప్పగును. 1978లో వెలువడిన ‘రూన్‌క్వెస్టు’లో దెబ్బను కాచుకొను ఆయుధమే దెబ్బతినునట్లు నియమించిరి. ఆ మార్గము మన ఖడ్గములకు తగినది. కోనసముద్రపు ఉక్కుతో చేసిన తల్వారునకు కవచము లేనివానిపై అధికమైన కోత, గొలుసుకవచముపై తగ్గుదల, బరువైన దెబ్బను అలుగుతోనే కాచినచో విఱుగు అపాయము – ఈ మూడు చాలును. ఢాలు పట్టినవానికి ఆ అపాయము తప్పును గనుక, ఆటగాడు రెండవ కత్తిని విడిచి తానే ఢాలు కోరును. ఖండాకు వేఱొక వరుస కావలెను: దాని పిడిచివర ములుకు సాగియుండుటచే ఎడమచేయి చేర్చి రెండుచేతుల కొట్టవచ్చును. ‘లాంగ్‌స్వోర్డు’నకు ఇచ్చిన పది ముఖముల పాచికను దీనికిచ్చుటలో నాకు ఆక్షేపము లేదు. ఫిరంగికి మాత్రము కొత్త అంకె యవసరములేదు. అలుగు ఏ దేశపుదో, పిడి ఏ తీరుదో రెండు గడులలో వ్రాసిన చాలును.